బాపు మ్యూజియం, విజయవాడ: ఊరి రాయికి ఊరి చిరునామా

విజయవాడ నగరంలో బందరు రోడ్డు మీద ఉన్న ప్రభుత్వ ప్రదర్శనశాల బాపు మ్యూజియం. పాత పేరు విక్టోరియా జూబిలీ మ్యూజియం. 1887లో అప్పటి కృష్ణా జిల్లా కలెక్టరు రాబర్ట్ సూయల్ దీనికి పునాదిరాయి వేశాడు. 1921లో ఈ భవనం పేరు జాతీయ జెండా కథతో ముడిపడింది. 1962లో పురావస్తు శాఖ చేతికి వచ్చింది. మరమ్మతులు, కొత్త ప్రదర్శన ఏర్పాట్లు ముగిశాక 2020 అక్టోబరు 1న మళ్లీ తలుపులు తెరిచింది. రాతియుగపు పనిముట్లు, నాణేలు, శాసనాలు, ఆయుధాలు, బౌద్ధ, హైందవ శిల్పాలు ఇందులోని ముఖ్య సేకరణలు. వరస చూస్తే ఏ జిల్లా కేంద్రంలోనైనా కనిపించే మ్యూజియమే అనిపిస్తుంది. దేశంలోని పెద్ద మ్యూజియాల పక్కన పెడితే చిన్నదే. అయినా నగర మ్యూజియం అనేది ఎందుకుండాలో తేల్చుకోవడానికి తెలుగునాట ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. వస్తువు ఎంత అరుదైనదన్న లెక్కతో ఊరి మ్యూజియానికి విలువ కట్టలేం. ఆ వస్తువు ఏ ఊరి మట్టిలోంచి లేచింది, ఎవరి చేతుల మీదుగా ఇక్కడికి చేరింది, దాని తోటివి ఎక్కడెక్కడికి పోయాయి అన్న ఆనుపానులు చెప్పగలిగితేనే అది ఊరి మ్యూజియం. ఈ వ్యాసం బాపు మ్యూజియాన్ని ఆ కొలతతోనే పరిశీలిస్తుంది.

పుట్టుక

విక్టోరియా రాణి గద్దెనెక్కింది 1837 జూన్ 20న. యాభై ఏళ్లు నిండిన సందర్భంగా 1887 జూన్ మూడో వారంలో లండన్‌లో స్వర్ణోత్సవాలు జరిగాయి. బెజవాడలో పునాదిరాయి పడింది జూన్ 27న, అంటే ఆ సంబరాలకు సుమారు వారం తర్వాత. కాబట్టి ఈ భవనం పుట్టుకలో స్థానిక చరిత్ర మీద మమకారం కంటే రాజభక్తి ప్రదర్శనే ముందుంది. అప్పట్లో దేశమంతటా జూబిలీ పేరుతో హాళ్లు, ఆసుపత్రులు, గడియార స్తంభాలు లేచాయి, ఇదీ వాటిలో ఒకటి. భారతీయ, ఐరోపా వాస్తు రీతులు కలిసిన కట్టడం. మొదట్లో పారిశ్రామిక వస్తు ప్రదర్శనలకు వాడారు. అయితే రాయి వేసిన మనిషి మామూలు కలెక్టరు కాదు. సూయల్ 1877లో అమరావతి స్తూపం దగ్గర తవ్వకాలు జరిపాడు, 1880లో ఆ నివేదిక అచ్చయింది. మద్రాసు రాజధానిలోని పురావస్తువులన్నిటినీ జిల్లాలవారీగా, ఊళ్లవారీగా జాబితా కట్టి 1880ల మొదట్లోనే ప్రకటించాడు. విజయనగర చరిత్రను మళ్లీ లోకం ముందుంచిన ‘ఎ ఫర్‌గాటెన్ ఎంపైర్’ 1900లో వచ్చింది, అదీ ఆయనదే. ఏ ఊళ్లో ఏ రాయి ఉందో రాసిపెట్టుకున్న అధికారి బెజవాడలో రాణి పేర ఒక భవనానికి పునాది వేయడం, ఆ భవనమే చివరికి రాళ్లకు నీడ కావడం చరిత్రలో అరుదైన పొంతన. జూబిలీ సంబరం చల్లారిపోయింది. ఆ జాబితా వెనకున్న ఆలోచన, అంటే వస్తువును దాని ఊరిపేరుతో కలిపి నమోదు చేయడం, ఇప్పటికీ ఈ మ్యూజియానికి అసలైన పునాది.

అమరావతి రాళ్లు నడిచిన దారి

ఆ నమోదు ఎంత ముఖ్యమో తెలియాలంటే నదికి ఎగువన, దగ్గరలోనే ఉన్న అమరావతి కథ చాలు. 1796 ప్రాంతంలో రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు చింతపల్లి వదిలి కొత్త రాజధానిగా అమరావతి కట్టించుకుంటున్నప్పుడు, స్థానికులు దీపాలదిన్నె అని పిలిచే మట్టిదిబ్బలోంచి చెక్కుడు రాళ్లు బయటపడ్డాయి. అవి ఏమిటో ఎవరికీ తెలియదు, కట్టడాలకు పనికొచ్చే మంచి రాళ్లన్నది మాత్రమే తెలుసు. 1797లో కల్నల్ కాలిన్ మెకంజీ వచ్చి చూశాడు, 1816లో మళ్లీ వచ్చి బొమ్మలు గీయించాడు. ఆయన రెండు రాకల మధ్యే చాలా రాళ్లు మాయమయ్యాయి. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన రాళ్లు మద్రాసుకు వెళ్లి, అక్కడ ఎండకూ వానకూ కొన్నేళ్లు పడి ఉండి, 1859లో ఓడెక్కి లండన్ చేరాయి. బ్రిటిష్ మ్యూజియంలో ఇప్పుడున్న 120కి పైగా శిల్పాల్లో అధిక భాగం అవే. 1880లో మద్రాసు గవర్నరు డ్యూక్ ఆఫ్ బకింగ్‌హామ్ ఆదేశంతో దిబ్బ మధ్యభాగం పూర్తిగా తవ్వేశారు. ఆ తర్వాత జేమ్స్ బర్జెస్ వచ్చేసరికి స్తూపం స్థానంలో గుంట మిగిలింది. ఆ దశలో దొరికినవాటిలో పెద్ద భాగం మద్రాసు మ్యూజియానికి తరలింది. జగ్గయ్యపేట స్తూపం దగ్గర దొరికిన ప్రసిద్ధమైన చక్రవర్తి ఫలకం కూడా చెన్నైలోనే ఉంది. ఒకే స్తూపం చుట్టూ వరసగా నిలిచిన కథాఫలకాలు ఇవాళ మూడు నాలుగు నగరాల గోడల మీద విడివిడిగా ఉన్నాయి. ఏ ఫలకం పక్కన ఏది ఉండేది, ప్రదక్షిణం చేసే భక్తుడికి ముందు ఏది కనబడేది, తర్వాత ఏది వచ్చేది అన్న సంగతులు మెకంజీ బొమ్మలను, తవ్వకపు రాతలను ముందేసుకుని పండితులు ఇప్పటికీ ఊహించుకోవలసి వస్తోంది. రాళ్లు చాలావరకు మిగిలాయి, వాటి వరసే చెదిరిపోయింది.

ఇక్కడ ఒక గట్టి ఆక్షేపణ వినిపిస్తుంది. అవి లండన్‌కో, మద్రాసుకో పోకుండా ఊళ్లోనే ఉండి ఉంటే సున్నపు బట్టీల్లోనో, చెరువు మెట్లలోనో కలిసిపోయేవి కాదా అని. ఈ మాట అబద్ధం కాదు. అమరావతిలో అలాంటి నష్టం నిజంగా జరిగింది, స్తూపపు రాళ్లు కొత్త కట్టడాల్లోకి పోయాయి. కానీ రాయి ఊళ్లో ఉండటం వల్ల వచ్చిన నష్టం కాదది. అది శిల్పమని ఊరికి చెప్పేవాళ్లు, దాచడానికి ఒక చూరు లేకపోవడం వల్ల వచ్చిన నష్టం. పందొమ్మిదో శతాబ్దిలో ఆ చూరు దూరనగరాల్లో మాత్రమే ఉంది కాబట్టి తరలింపు తప్పనిసరి అనిపించింది. దగ్గరలోనే చూరు వేయగలిగితే ఏమవుతుందో ఇరవయ్యో శతాబ్దిలో నాగార్జునకొండ చూపించింది. సాగర్ ఆనకట్ట నీళ్లలో లోయ మునిగిపోతుందని తెలిశాక 1954 నుంచి 1960 దాకా అక్కడ విస్తృతంగా తవ్వకాలు జరిగాయి. దొరికిన శిల్పాల్లో ప్రధాన భాగాన్ని అదే కొండ మీద, ఇప్పుడు నీటి మధ్య దీవిగా మిగిలినచోట, 1966లో మ్యూజియంలో నిలిపారు. లోయ మునిగినా శిల్పాలకు వాటి చిరునామా పోలేదు. కాపాడాలంటే దూరం తీసుకెళ్లాల్సిందే అన్న వాదన ఒక కాలానికి నిజం, అన్ని కాలాలకూ కాదు.

అల్లూరు బుద్ధుడు

బాపు మ్యూజియంలో చూపరులను ముందుగా నిలబెట్టేది అల్లూరు నుంచి వచ్చిన నిలువెత్తు బుద్ధ విగ్రహం. క్రీ.శ. మూడు, నాలుగు శతాబ్దాల కాలానిదిగా చెబుతారు. దీన్ని పాలరాతి విగ్రహమని పిలవడం అలవాటైంది. అమరావతి శిల్పాలనూ అంతే, ఇంగ్లీషు రాతల్లోని మార్బుల్ అన్న మాట తెలుగులోకి పాలరాయిగా దిగిపోయింది. నిజానికి కృష్ణా లోయ బౌద్ధ శిల్పుల రాయి పల్నాటి సున్నపురాయి. లేత ఆకుపచ్చ ఛాయ ఉన్న తెలుపు, సన్నని రేణువులు, ఉలికి లొంగే మెత్తదనం దాని గుణాలు. వెంట్రుక మందం గీత కూడా ఈ రాతిలో నిలుస్తుంది, కాబట్టే అమరావతి ఫలకాల్లో వేలెడు జాగాలో నలుగురు మనుషులు, ఒక గుర్రం పట్టాయి. సున్నపురాయి కావడమే దానికి ఎసరు కూడా పెట్టింది. కాలిస్తే ఇది మంచి సున్నం అవుతుంది. పాలరాయి అని చీటీ రాస్తే ఈ సంగతులన్నీ తెర వెనక్కి పోతాయి. పల్నాటి సున్నపురాయి అని రాస్తే రాయి దొరికిన చోటు, శిల్పి నేర్పు, ఇన్ని శిల్పాలు బట్టీల పాలు కావడానికి కారణం, మూడూ ఒక్క మాటలో తెలిసిపోతాయి. ఊరి మ్యూజియం ఇవ్వగలిగిందీ, దూరపు మ్యూజియం తరచు మరిచేదీ ఇలాంటి ఒక్క మాటే.

ఈ లోయలో రూపుదిద్దుకున్న బుద్ధుడికి కొన్ని గుర్తులున్నాయి. కుడి భుజం మీద వస్త్రం ఉండదు. ఎడమ భుజం మీంచి జారిన చీవరం మడతలు ఒంటిని చుట్టి వంకర గీతలుగా దిగుతాయి. కింది అంచు దగ్గర బట్ట బరువుగా ముద్దకట్టినట్టు ఒక మందపు మడత ఉంటుంది. తల మీద చిన్న చిన్న నత్తగుల్లల్లాంటి ఉంగరాల జుట్టు. ఈ గుర్తులున్న విగ్రహాలు సింహళంలోనూ, ఆగ్నేయాసియా తీరాల్లోనూ దొరికాయి. వర్తకుల ఓడలు, భిక్షువుల ప్రయాణాలు ఈ రూపాన్ని సముద్రం దాటించాయి. ఓడ బొమ్మ ముద్రించిన శాతవాహన సీసపు నాణేలు ఈ తీరంలో చెలామణీ అయ్యాయన్న సంగతి దీనికి తోడు సాక్ష్యం. చీవరపు మడతనూ, ఓడ నాణేన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే కృష్ణా తీరం తన శిల్పరీతిని లోకానికి పంపిన సంగతి అర్థమవుతుంది. ఊరి మ్యూజియం అంటే బావిలో కప్ప చూపు కదా అనేవాళ్లకు ఇక్కడే జవాబుంది. లోకంలో మన ఊరి చోటేదో తెలియాలంటే ముందు ఊరి వస్తువును సరిగ్గా చదవాలి. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియం 1951 నుంచి చేస్తున్నది దీనికి అవతలి పని. ఇటలీ పాలరాతి శిల్పం, ఐరోపా గడియారాలు, చైనా పింగాణీ ఒక తెలుగు నగరంలో చూపించి లోకాన్ని మన గుమ్మంలోకి తెస్తుంది. ఆ పని గొప్పదే. కానీ ఒక సంపన్న కుటుంబపు అభిరుచి పోగుచేసిన నిధి ఆ కుటుంబం గురించి ఎంత చెబుతుందో, మూసీ ఒడ్డు గురించి అంత చెప్పదు. రెండు రకాల మ్యూజియాలూ కావాలి, ఒకదాని పని ఇంకొకటి చేయలేదు.

1921 నాటి మూడు గంటలు

ఈ భవనానికి రెండో జన్మ 1921లో వచ్చింది. ఆ ఏడాది మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ బెజవాడలో సమావేశమైంది. తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు, కాంగ్రెస్‌కు కోటిమంది సభ్యులు, ఇళ్లలో ఇరవై లక్షల రాట్నాలు అన్న ప్రసిద్ధ తీర్మానం ఇక్కడిదే. బందరు జాతీయ కళాశాలకు చెందిన పింగళి వెంకయ్య గాంధీకి జెండా అందించింది కూడా ఆ సందర్భంలోనే, ఆ ఘట్టం జరిగింది ఈ భవనంలోనే అని నగరం చెప్పుకుంటుంది. వెంకయ్య మూడు రంగుల జెండా తయారుచేసి ఇచ్చాడు, గాంధీ ఒప్పుకున్నాడు అన్నది జనంలో స్థిరపడిన వాక్యం. 1921 ఏప్రిల్ 13న ‘యంగ్ ఇండియా’లో గాంధీ స్వయంగా రాసిన వ్యాసం చూస్తే కథ ఇంకా ఆసక్తికరంగా ఉంటుంది. జెండా మీద రాట్నం ఉండాలన్న సూచన జలంధర్‌కు చెందిన లాలా హంసరాజ్‌ది. ఎరుపు, ఆకుపచ్చ రంగుల మీద రాట్నం వేసి నమూనా ఇమ్మని గాంధీ బెజవాడలో వెంకయ్యను అడిగారు. వెంకయ్య మూడు గంటల్లో జెండా చేతికిచ్చారు. అయినా కమిటీ ముందు పెట్టడానికి కాస్త ఆలస్యమైంది. ఆలస్యమవడమే మంచిదైందని గాంధీ రాశారు. ఎందుకంటే తీరిగ్గా ఆలోచించాక, రెండు మతాలకు గుర్తుగా ఉన్న ఆ రంగులతో పాటు మిగతా మతాలవారికీ చోటుండాలని తెలుపు చేర్చాలన్న నిర్ణయానికి వచ్చారు. అంటే బెజవాడలో పుట్టింది రెండు రంగుల జెండా, మూడో రంగు వెంటనే వచ్చిన పునరాలోచన ఫలితం.

ఈ వివరం చెబితే వెంకయ్య పేరు తగ్గిపోతుందని కొందరికి భయం. నిజానికి పెరుగుతుంది. 1916 నాటికే ఇతర దేశాల జెండాలను వివరిస్తూ, మన దేశానికి నమూనాలు సూచిస్తూ పుస్తకం వేసుకున్న మనిషి కాబట్టే అడిగిన మూడు గంటల్లో గుడ్డ మీద జెండా నిలబెట్టగలిగాడు. దాని వెనక ఏళ్ల సాధన ఉంది. ఒక రంగు తర్వాత చేరిందని చెప్పడం వల్ల జెండాకు వచ్చే లోటూ లేదు. అడగడం, చేయడం, ఆగి ఆలోచించడం, సరిదిద్దడం అన్న క్రమంలో ఒక జాతి చిహ్నం తయారైన తీరు కళ్లకు కడుతుంది. రాట్నం స్థానంలో ధర్మచక్రం వచ్చి, 1947 జులై 22న రాజ్యాంగ సభ ఆమోదించిన జెండా దాకా ఆ దిద్దుబాటు సాగింది. రాతిఫలకం మీద ఒకే వాక్యం పడుతుంది. మ్యూజియానికి గది ఉంది, గోడలున్నాయి, వరసగా చెప్పే వీలుంది. ఫలకంలా చెప్పి ఊరుకుంటే మ్యూజియం తన సౌకర్యాన్ని తానే వదులుకున్నట్టు.

పేరు మార్పు

రాణి పేర పుట్టిన భవనం బాపు, అంటే గాంధీ, పేరు పెట్టుకోవడం సహజం, న్యాయం కూడా. ముంబయిలో 1872లో తెరిచిన విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం 1975లో డాక్టర్ భావూ దాజీ లాడ్ పేరు పెట్టుకుంది. అది ఇప్పుడు ముంబయి నగర జీవితాన్ని, చేతిపనులను మట్టిబొమ్మలు, పటాలు, నమూనాల్లో చూపించే నగర మ్యూజియంగా పేరు తెచ్చుకుంది. పాత పేరు పూర్తిగా చెరిపేయాలనేవారు ఒకవైపు, పేరు మార్చడమే చరిత్రను చెరపడమనేవారు మరోవైపు ఉంటారు. బెజవాడ భవనం విషయంలో ఈ పోట్లాటకు అవసరం లేదు. సామ్రాజ్యపు సంబరం కోసం లేచిన గోడలు ముప్పై నాలుగేళ్లకే ఆ సామ్రాజ్యాన్ని వద్దన్నవారి జెండా కథలోకి వచ్చాయి. ఈ మలుపు అర్థం కావాలంటే రెండు పేర్లూ తెలియాలి. గుమ్మం మీద బాపు పేరు ఉండాలి, గుమ్మం దాటగానే జూబిలీ సంగతి చెప్పాలి.

నగరం తనకు తాను

ఇంతకన్నా బలమైన ఆక్షేపణ ఒకటి మిగిలింది. అల్లూరు బుద్ధుడైనా, పాత నాణేలైనా జిల్లావే తప్ప నగరానివి కావు, మరి దీన్ని నగర మ్యూజియం అనడం ఎలా? పారిస్‌లో 1880లో తెరిచిన కార్నవాలే మ్యూజియంలో ఆ నగరపు వీధులు, అంగళ్ల బోర్డులు, తిరుగుబాట్లే కథావస్తువు. ఆ లెక్కన బెజవాడ మ్యూజియంలో బెజవాడ తక్కువే. 1850ల మొదట్లో కట్టిన కృష్ణా ఆనకట్ట ఈ ఊరిని కాలువల కూడలిగా మార్చింది. 1890ల రైలు వంతెన దీన్ని దక్షిణాది రైలుదారుల ముడిగా చేసింది. 1948 డిసెంబరు 1న మొదలైన ఆకాశవాణి కేంద్రం, పుస్తక ప్రచురణ సంస్థలు, సినిమా పంపిణీ ఆఫీసులు ఆంధ్రదేశానికి మాట, పాట, బొమ్మ పంచాయి. పడవ తెడ్డు, రైల్వే లాంతరు, సీసపు అచ్చుల పెట్టె, రేడియో నాటకం రాతప్రతి కూడా పురావస్తువులే కాబోతున్నాయి. కాలువల్లో ఇప్పుడు పాతరోజుల ప్రయాణికుల పడవల్లేవు, అచ్చాఫీసుల్లో సీసపు అక్షరాల్లేవు. రెండువేల ఏళ్ల నాటి రాయి ఇంకో వందేళ్లు ఆగుతుంది, నిన్నటి కాగితం ఆగదు. కాబట్టి ఈ ఆక్షేపణలో నిజం ఉంది. అయితే అది మ్యూజియం ఉండకూడదనడానికి కారణం కాదు, అది ముందు చేయాల్సిన పనేమిటో చూపుతోంది.

ఆ పనికి అన్నిటినీ నాలుగు గోడల మధ్యకు తెచ్చిపెట్టనక్కర్లేదు. బెజవాడ కొండలే సగం మ్యూజియం. మొగల్రాజపురం గుహలు, అక్కన్న మాదన్న గుహలు ఊరి నడుమనే ఉన్నాయి, నది దాటితే ఉండవల్లి. ఇంద్రకీలాద్రి దగ్గరి యుద్ధమల్లుడి శాసనం నన్నయ కంటే ముందే తెలుగులో మధ్యాక్కర ఛందస్సులో పద్యం నడిచిందని రాతిమీద చెబుతోంది. కొండపల్లిలో తెల్ల పొణికి కర్రను చెక్కే చేతులు ఇంకా ఆగలేదు. శాసనాన్ని కొండ దగ్గరే ఉంచి, దాని అచ్చుప్రతినీ ఛందస్సు వివరాన్నీ మ్యూజియంలో పెట్టి, ఫలానా చోటికి వెళ్లి చూడమని దారి చెబితే రెండు పనులూ అవుతాయి. 2020 తర్వాత ఈ మ్యూజియంలోకి వచ్చిన డిజిటల్ ఏర్పాట్ల అసలు ఉపయోగం కూడా అక్కడే. తెర మీద అమరావతి బొమ్మలు ఎన్నైనా చూడొచ్చు, ఇంట్లో కూర్చునే చూడొచ్చు, ఇక మ్యూజియం ఎందుకు అనే మాట ఈమధ్య వినిపిస్తోంది. నిలువెత్తు బుద్ధుడి ముందు నిలబడితే కొలతలో తేడా తెలుస్తుంది, చీవరం అంచు మందం పక్కనుంచి చూస్తేనే తెలుస్తుంది. తెర ఇవి ఇవ్వలేదు. రాయి చేయలేని పనొకటి మాత్రం తెర చేయగలదు. లండన్‌లో ఒకటి, చెన్నైలో ఒకటిగా ఉన్న ఫలకాలను ఒకే స్తూపం చుట్టూ పాత వరసలో చేర్చి చూపగలదు.

నూట ముప్పై ఏళ్ల పైచిలుకు చరిత్రలో ఈ భవనం సంబరాల హాలుగా, ప్రదర్శనశాలగా, జెండా జ్ఞాపకంగా, పురావస్తు మ్యూజియంగా మారుతూ వచ్చింది. ప్రతిసారీ దాన్ని నిలబెట్టింది పైన ఉన్న పేరు కాదు, లోపలి వస్తువుకూ ఊరికీ మధ్య ఉన్న లంకె. ఆ లంకె తెగితే అల్లూరు బుద్ధుడు ఏ నగరంలోనైనా కనిపించే అందమైన రాతిబొమ్మ. నిలిస్తే పల్నాటి రాయి, కృష్ణా లోయ శిల్పి, ఓడరేవు వర్తకుడు, సున్నపు బట్టీ, ఊళ్లవారీ జాబితా రాసుకున్న కలెక్టరు అందరూ ఆ విగ్రహం వెనక వరసగా కనిపిస్తారు. విగ్రహం కింద పెట్టే చీటీలో ఊరిపేరు, రాయిపేరు సరిగ్గా పడితే ఆ వరస మొదలైనట్టే.